అరవై వేల ఆటబొమ్మ

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారన్న సంగతి చదువరులకు కొత్త కాదు. ఒకే పనస దుంగను తొలిచి, ఎక్కడా అతుకు లేకుండా కుండా దండీ ఒకే చెక్కగా దించే వీణను ఏకాండి వీణ అంటారు. దాని అందం దానిదే. కాని కుండ ఒక చోటా, దండి మరొక చోటా నచ్చి రెంటినీ కలుపుకొందామంటే అది కుదిరే పని కాదు. ల్యాప్‌టాపును చూసినప్పుడల్లా నాకు ఏకాండి వీణే జ్ఞాపకం వస్తుంది. ఇంట్లో ఒక మూల కదలకుండా కూర్చునే డెస్కుటాపు మాత్రం అతుకుల వీణ. ఏ ముక్క ఎక్కడిదో, ఎంత పెట్టి కొనాలో, దేని మీద డబ్బు మిగుల్చుకోవాలో అన్నీ కొనేవాడి చేతిలోనే ఉంటాయి. స్వేచ్ఛ ఎంతో చిక్కు కూడా అంతే.

శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి జిల్లావాణ్ణి కనుక, ఈ ముక్కల పేర్లకు సంస్కృత సమాసాలు కట్టే సాహసం చెయ్యను. ప్రాసెసరును ప్రాసెసరనీ, మదర్‌బోర్డును మదర్‌బోర్డనీ, కరెంటు పంచే పెట్టెను అంగళ్ళలో అందరూ అనే ఎస్సెమ్పీయెస్ అనే పేరుతోనూ పిలుస్తాను.

ఇరవై ఏళ్ళుగా బంధువులకూ, ఇరుగుపొరుగులకూ కంప్యూటర్లు కూర్చిపెట్టడం నాకొక అలవాటు. వృత్తి కాదు, పైసా రాదు. కాఫీ మాత్రం దొరుకుతుంది. ఇన్నేళ్ళలో నేను గమనించినది ఒకటుంది. కొనేవాళ్ళు ధర గురించి అడుగుతారు, వేగం గురించి అడుగుతారు, రంగు గురించి కూడా అడుగుతారు. దేనికి కొంటున్నారో మాత్రం నిజం చెప్పరు. 'పిల్లల చదువుకి' అంటారు. మన ఇళ్ళలో పెద్ద ఖర్చు ఏదైనా చదువు అనే గుమ్మం గుండానే లోపలికి రావాలి. ఆ గుమ్మంలోంచి ఆట వస్తానంటే ఎవరూ రానివ్వరు.

ఈ చిన్న అబద్ధం వల్ల ఎవరికేం నష్టమని అనిపించవచ్చు. నష్టం ఉంది, అది రూపాయల్లోనే ఉంది. అంగడిలో మొదటి ప్రశ్న 'దేనికి సార్?' అనే. దానికి మీరు చెప్పే జవాబును బట్టి వాళ్ళు రాసే జాబితా మారిపోతుంది. చదువుకన్నారా, మంచి ప్రాసెసరు, పెద్ద డిస్కు, ఒక ప్రింటరు, ఒక ఏడాది యాంటీవైరస్ రాసిస్తారు. గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ఆటలకన్నారా, డబ్బులో మూడో వంతు ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది, మిగిలినవన్నీ దానికి తగ్గట్టు ఒదుగుతాయి. మా వీధిలో ఒక కుటుంబం చదువు పేరు చెప్పి సన్నపాటి బ్రాండెడ్ డెస్కుటాపు కొన్నది. ఏడాది తిరగకుండా పిల్లవాడి పోరు పడలేక దానికి గ్రాఫిక్స్ కార్డు తగిలిద్దామని నా దగ్గరికి తెచ్చారు. ఆ పెట్టెలో పూర్తి ఎత్తు కార్డు పట్టదు. లోపలి ఎస్సెమ్పీయెస్ ఆ కంపెనీ సొంత కొలతలది, కార్డుకు కరెంటిచ్చే తీగ దానికి లేదు. అంటే పెట్టె మార్చాలి, ఎస్సెమ్పీయెస్ మార్చాలి, అది సరిపడాలంటే బోర్డూ మార్చాలి. మొత్తం మార్చడమంటే మళ్ళీ కొనడమే కదా.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, 2024 వేసవిలో ఈ చిక్కు మా అప్ప ఇంట్లోకే వచ్చింది.

* * *

మా అప్పావాళ్ళది బొబ్బిలి. బావకు మోటారు వైండింగు దుకాణం ఉంది. కాలిపోయిన వ్యవసాయ మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు ఆయన దగ్గరకు వస్తాయి. ఒక్కడే కొడుకు, విజయనగరంలో డిప్లొమా చదువుతున్నాడు. నాలుగేళ్ళపాటు చేతిలోని ఫోనులోనే ఆడిన కుర్రవాడు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైలును మన దేశంలో నిషేధించినప్పుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అప్ప చెప్పింది. 2021 జులైలో అదే ఆట మరో పేరుతో తిరిగి వచ్చాక ఇంట్లో మళ్ళీ శాంతి నెలకొన్నదట. ఇప్పుడు వాడికి ఫోను చాలడం లేదు. వాలొరెంటు ఆడాలి, జీటీఏ ఫైవ్ ఆడాలి, క్రికెట్ ఆట ఆడాలి. 1757లో అసలైన యుద్ధాన్నే చూసిన ఊళ్ళో ఈ తెరమీది యుద్ధాలు ఒక లెక్కా అనుకొని నేను ఊరుకున్నాను.

అప్పకు చీటీ డబ్బు వచ్చింది, అరవై వేలు. రెండేళ్ళు నెలనెలా కట్టిన చీటీ అది. దానితో ఏం చెయ్యాలన్న దాని మీద ఆమెకు నాలుగు ఆలోచనలున్నాయి. కొడుకు మాట వాటిలో నాలుగవది. అయినా నన్ను పిలిపించింది.

బావ వినగానే అడ్డం పడ్డాడు. "అరవై వేలెట్టి ఆటలేటోయ్? మేం బిళ్ళంగోడు ఆడ్నాం. కర్రముక్కకి కరెంటక్కర్నేదు."

అప్ప నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "సదువుకని సెప్పేత్తే సరిపోద్ది కదా తమ్ముడూ!" అన్నది.

నేను ఒప్పుకోలేదు. నీతి చెప్పాలని కాదు. చదువుకని చెబితే బావ నలుగురినీ అడుగుతాడు, నలుగురూ చదువుకు తగ్గ యంత్రమే చెబుతారు, ఆ యంత్రం వచ్చాక అరవై వేలూ పోతాయి, కుర్రవాడి కోరికా తీరదు. తరువాత ఆ కోరిక ఇంకో ఇరవై వేలు అడుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ అబద్ధాన్ని రోజూ మోయవలసింది ఆ కుర్రవాడు. తండ్రి దుకాణం నుంచి రాగానే ఆట మూసి పాఠం తెరవాలి. యంత్రం ఉన్నన్నాళ్ళూ అదే బతుకు.

వాణ్ణి పిలిచి తండ్రి ఎదుటే అడిగాను. "దేనికిరా?"

"సదువుకే మావయ్యా" అన్నాడు నేల చూస్తూ.

"నిజం చెప్పు. నువ్వు చెప్పే మాటను బట్టే నేను జాబితా రాస్తాను."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు, "ఆడుకోడానికే మావయ్యా. సదువు కూడా సేత్తాను గాని... ఆడుకోడానికే" అన్నాడు.

బావ లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఆ సాయంత్రం నేను కాగితం తీసుకొని కూర్చున్నాను.

* * *

మొదటి పరీక్ష విజయనగరంలోనే ఎదురైంది. ఒక అంగడిలో, ఏ అంగడన్నది ఇక్కడ అనవసరం, ముప్పై అయిదు వేలకే 'గేమింగు సిస్టమ్' సిద్ధంగా ఉన్నదన్నారు. ఐ7 ప్రాసెసరు, 16 గిగాబైట్ల ర్యామ్, '4 జీబీ గ్రాఫిక్స్', 600 వాట్ల ఎస్సెమ్పీయెస్, రంగురంగుల దీపాల పెట్టె. దాన్ని వెలిగించి చూపించగానే మా మేనల్లుడి ముఖం కూడా వెలిగింది. అప్ప మనసులో లెక్క నాకు వినబడుతూనే ఉన్నది: అరవైలో ముప్పై అయిదు పోతే ఇరవై అయిదు వేలు మిగులు. ఆమె డబ్బుతో ఆమెకు ఇరవై అయిదు వేలు ఎక్కువ ఖర్చు పెట్టించవలసిన పని నా నెత్తిన పడింది. అది తేలిక కాదు. కనుక ఒక్కొక్క ముక్కా విప్పి చెప్పవలసి వచ్చింది.

ఐ7 అన్నది నిజమే. కాని అది 2012 నాటి ఐ7-3770. పక్కన నా కాగితం మీద రాసుకున్నది 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్. రెంటికీ నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లే. అయితే ఒక్కొక్క కోరు చేసే పనిలో పదేళ్ళ తేడా ఉన్నది, ఆటల్లో కొత్త ఐ3 పాత ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. పైగా ఆ పాత ప్రాసెసరు విండోస్ 11 అర్హతల జాబితాలో లేదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్టు అప్పటికే ప్రకటించి ఉన్నది, ఆ తేదీకే ముగిసింది కూడా. వాలొరెంటు విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి. ఏడాదిన్నరలో గడువు తీరబోయే మందుకు ఎంత తక్కువ ఇచ్చినా ఎక్కువే.

'4 జీబీ గ్రాఫిక్స్' అన్నది జీటీ 730 కార్డు. 2014లో వచ్చినది. ఇది చాలా ఊళ్ళలో జరిగే తంతు కనుక కొంచెం వివరంగా చెబుతాను. కార్డులోని మెమరీ పరిమాణం చెరువు వంటిది. చెరువు ఎంత పెద్దదైనా పొలానికి నీరు వెళ్ళేది తూము గుండానే. అప్పుడు మాకు చూపిన జీటీ 730లో ఆ తూము 64 బిట్లు, అందులోనూ అది పాత డీడీఆర్3 మెమరీది. చెరువు పెద్దదని చూపించి తూము మాట ఎత్తకపోవడమే ఇక్కడి నేర్పు. నేను అనుకున్న ఆర్‌ఎక్స్ 6600లో మెమరీ 8 గిగాబైట్ల జీడీడీఆర్6, తూము 128 బిట్లు. ఆ రెంటి మధ్య పోలికే లేదు.

ఇంకా ఒక మాట అన్నారు. "బిల్లు వద్దంటే ఇంకొంత తగ్గిస్తాం." కంప్యూటరు ముక్కల మీద 18 శాతం జీఎస్టీ ఉన్న మాట నిజం, ఆ మాట విన్నవారికి నోరూరడమూ సహజం. కాని గ్రాఫిక్స్ కార్డుకు మూడేళ్ళ హామీ దక్కాలంటే సీరియల్ నంబరున్న బిల్లు ఉండాలి. బొబ్బిలి నుంచి కార్డును పార్శిలు కట్టి బస్సులో పంపినప్పుడు మన తరఫున మాట్లాడేది ఆ కాగితమొక్కటే.

ఇల్లు చేరాక ఇవన్నీ బావకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఏడు కన్నా మూడు గొప్పదంటావేటోయ్?" అన్నాడు.

"మోటారు మీద మూడు హార్సుపవర్లని రాసి ఉంటే సరిపోతుందా బావా? ఏ ఏటిదో, లోపల రాగో అల్యూమినియమో చూడకుండా నువ్వు కొంటావా?"

ఆయన నవ్వలేదు గాని, కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

* * *

పాత కార్డుల గురించి కూడా ఆలోచించకపోలేదు. 2021లో క్రిప్టో నాణేల గనుల పిచ్చి పట్టి గ్రాఫిక్స్ కార్డులు దొరకలేదు. దొరికినా రెట్టింపు ధర. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకొని కార్డులతో పని లేకుండా చేసుకోగానే, రాత్రింబవళ్ళు మండిన ఆ కార్డులన్నీ పాత సామాన్ల బజారుకు వచ్చిపడ్డాయి. 2017 నాటి ఆర్‌ఎక్స్ 580 చాలా చవకగా దొరుకుతుంది, ఆటలూ ఒక మోస్తరుగా ఆడుతుంది. అయితే అది తినే కరెంటు 185 వాట్లు. దానికన్నా ఎంతో చురుకైన ఆర్‌ఎక్స్ 6600కు 132 చాలు. ఎన్ని నెలలు ఏ గదిలో కాలిందో తెలియని కార్డుకు బిల్లూ ఉండదు, హామీ ఉండదు. ఒంటరిగా ఉండే ఉద్యోగికైతే కొనమనేవాణ్ణి. చీటీ డబ్బుతో ఒక్కసారి కొనేవాళ్ళకు చెప్పలేను.

ప్రాసెసరు విషయంలో ఇంకో ఆశ ఉండేది. ఆరు కోర్ల రైజెన్ 5 5600. మంచి సరుకు. కాని దానికీ, దానికి తగ్గ బోర్డుకూ కలిపి మరో నాలుగైదు వేలు కావాలి. ఆ నాలుగైదు వేలకు వేరే పని ఉన్నది, అది ముందుకు చెబుతాను. ఐ3-12100ఎఫ్ తీసుకొని హెచ్610 బోర్డు మీద పెడితే, రేపు డబ్బు చేరినప్పుడు అదే సాకెట్టులో ఐ5 పెట్టుకోవచ్చు. మిగిలినదంతా అలాగే ఉంటుంది. అతుకుల వీణకున్న సుఖం ఇదే. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండవన్నది మాత్రం మరచిపోకూడదు. కార్డు లేకుండా ఒక్క ఎఫ్ ప్రాసెసరు కొంటే తెర మీద చీకటే కనబడుతుంది.

ర్యామ్ 16 గిగాబైట్లు. ఒకటే 16 కాక రెండు ఎనిమిదులు. ఒంటెద్దు బండికీ జోడెడ్ల బండికీ ఉన్న తేడా అది. ధర దాదాపు అదే, దారి రెండింతలు. డిస్కు 500 గిగాబైట్ల ఎన్‌విఎంఈ. జీటీఏ ఫైవ్ ఒక్కటే 100 గిగాబైట్లకు పైగా ఆక్రమిస్తుంది కనుక పెద్దది కావాలని వాడు గునిశాడు. ఆడని ఆటను తీసివేయడం కూడా నేర్చుకోవాలని చెప్పాను.

తెర కొనకుండా ఇంట్లోని టీవీకే తగిలిద్దామని బావ సూచించాడు. ఎనిమిది వేలు మిగిలే సూచన. కాని రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ మా అప్ప సీరియళ్ళ అధీనంలో ఉంటుంది. ఆ యుద్ధం బొబ్బిలి యుద్ధం కన్నా తీవ్రంగా ఉండగలదని ఊహించి, 24 అంగుళాల తెరను జాబితాలో చేర్చాను.

* * *

ఇప్పుడు ఆ నాలుగైదు వేల సంగతి. కంప్యూటర్ల గురించి రాసేవాళ్ళు ప్రాసెసరు గురించి పేజీలు నింపుతారు, గ్రాఫిక్స్ కార్డు గురించి గ్రంథాలు రాస్తారు, ఎస్సెమ్పీయెస్ గురించి ఒక వాక్యంతో సరిపెడతారు. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో కూర్చొని రాసేవారికి ఆ ఒక్క వాక్యం చాలేమో. మా రెండు జిల్లాల్లో చాలదు. వేసవి సాయంత్రం ఏడు గంటలకు బావ వీధిలో మీటరు పెడితే 185 వోల్టులు చూపించింది. ఉండవలసినది 230. అదే వీధిలో వేకువజామున 250 దాటుతుంది. ఇక తుపాన్ల మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. యంత్రాలకు ప్రమాదం కరెంటు పోయినప్పటికన్నా అది తిరిగి వచ్చే క్షణంలోనే ఎక్కువ. తీరం దగ్గరైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కళింగపట్నంలో ఒక మిత్రుడి కంప్యూటరులో ఒక్క వానకాలానికే మరలు తుప్పు పట్టాయి.

విజయనగరం అంగడిలో చూపిన '600 వాట్ల' పెట్టె ధర తొమ్మిది వందలు. దాని మీద ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులని చిన్న అక్షరాల్లో ఉన్నది. అంటే బావ వీధిలో సాయంత్రాలు దానికి పనికిరావు. నేను అనుకున్నది 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది; సగం భారం దగ్గర కనీసం నూటికి 85 పాళ్ళు కరెంటును పనికి వాడుకొని, మిగిలినది మాత్రమే వేడిగా వదులుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న రకం కనుక 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ధర నాలుగు వేలు. మొత్తం యంత్రం ఆట మధ్యలో తినేది 250 వాట్ల లోపే, ఆర్‌ఎక్స్ 6600కు ఏఎండీ సూచించినదీ 450 వాట్ల ఎస్సెమ్పీయెస్సే. 550 అన్నది పెళ్ళివారు కాస్త ఎక్కువమంది వచ్చినా అన్నం చాలేటట్టు వండడం.

ఈ మాట చెబుతున్నప్పుడు బావలో మార్పు చూశాను. తన దుకాణంలో మూలన పడి ఉన్న ఒక పాత చవక ఎస్సెమ్పీయెస్‌ను తెచ్చి చేత్తో బరువు చూశాడు. మూత విప్పాడు. కరెంటు లోపలికి వచ్చే చోట వడపోతకు ఉండవలసిన కాయిలు లేదు; దాని స్థానంలో రెండు తీగముక్కలు అతికించి ఉన్నాయి.

"మోటారు కరెంటు నేక కాలిపోదోయ్. సగం కరెంటొచ్చి కాలిపోద్ది. వోల్టేజి తగ్గితే ఆంపులు లాగేత్తాది. ఇదీ అంతేనా?"

"అంతే బావా."

"అయితే నువ్వు సెప్పిందే కొను. తొమ్మిదొందలది గుమ్మంలోకి తేకు."

అరవై వేల ఆటబొమ్మను వద్దన్న మనిషి నాలుగు వేల ఎస్సెమ్పీయెస్‌ను సమర్థించడం చూసి అప్ప నా వంక చూసింది. నేను ఏమీ అనలేదు. జాబితాలో ఆయనకు అర్థమయ్యే ముక్క ఒకటి దొరికింది. మిగిలిన ముక్కలను ఆయన దాని మీదుగా చూడడం మొదలుపెట్టాడు.

ఆ తరువాత ఆయనే ఒక ప్రశ్న వేశాడు. "ఎర్తు ఉందా మనింట్లో?"

ఇది ఏ జాబితాలోనూ ఉండని ముక్క. మన ఇళ్ళలో గోడకు మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, మూడో రంధ్రం వెనుక చాలాసార్లు ఏ తీగా ఉండదు. ఎస్సెమ్పీయెస్ లోపల వడపోత కెపాసిటర్లు పెట్టెకు, అంటే ఎర్తుకు, కలిపి ఉంటాయి. ఎర్తు లేనప్పుడు ఇంటి వోల్టేజిలో సగందాకా ఆ ఇనుప పెట్టె మీదే నిలబడుతుంది. కరెంటు స్వల్పమే, ప్రాణం తీయదు, కాని వట్టి కాళ్ళతో తాకితే జివ్వుమంటుంది. 'మా సిస్టమ్ షాక్ కొడుతోంది' అనే ఫిర్యాదుల్లో సగానికి మూలం ఇదే. ఆ దశలో కార్డు తీయడం, తీగ గుచ్చడం యంత్రానికి మంచిది కాదు.

బావ మీటరు పెట్టి చూశాడు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 228. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 90. "ఇదేటెర్తు, బొమ్మ!" అన్నాడు. మరుసటి ఆదివారం పెరట్లో చాకిరేవు బండ పక్కన తానే గొయ్యి తవ్వాడు, కొడుకు చేత తవ్వించాడనడం సబబు. రెండున్నర మీటర్ల జీఐ గొట్టం, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా, పైన నీళ్ళు పోయడానికి గరాటు. సామానుకు రెండు వేలు అయింది, కూలి లేదు. తరువాత మీటరు పెడితే ఫేజు-ఎర్తు 226, న్యూట్రలు-ఎర్తు 2. ఆ సాయంత్రం అప్ప వాషింగు మిషను కూడా జివ్వుమనడం మానేసింది. చీటీ డబ్బులో తనకంటూ దక్కినది ఇదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

చివరిది యూపీఎస్. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు స్క్వేర్‌వేవుది, దానికి దీన్ని తగిలించవద్దని బావే చెప్పాడు. 600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్లు, మనకు చాలు. చవక యూపీఎస్‌లు ఇచ్చే కరెంటు అచ్చమైన సైన్‌వేవు కాదు కనుక యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్సెమ్పీయెస్‌లతో ఒక్కొక్కసారి పొసగదు; కరెంటు పోయిన క్షణంలోనే యంత్రం ఆరిపోతుంది. అందుకని విశాఖలో కొన్న చోటే కంప్యూటరు నడుస్తుండగా గోడ ప్లగ్గు పీకి చూసి, ఆరకుండా నిలబడ్డదాన్నే తెచ్చుకున్నాం. అయిదు నిమిషాలు నిలబడితే చాలు. ఆట ఆపి యంత్రాన్ని మర్యాదగా పడుకోబెట్టడానికి అంతకన్నా అక్కర్లేదు.

* * *

లెక్క ఇది, రూపాయల్లో. ప్రాసెసరు 8,000, బోర్డు 5,800, ర్యామ్ 3,200, డిస్కు 3,000, గ్రాఫిక్స్ కార్డు 19,500, ఎస్సెమ్పీయెస్ 4,000, గాలి ఆడే జాలీ ముఖపు పెట్టె 2,500. ఇక్కడికి 46,000. తెర 8,000, కీబోర్డు, మౌసు 1,000, యూపీఎస్ 3,000, ఎర్తు గొయ్యి 2,000. వెరసి 60,000. రైలు ఖర్చులు బావ పెట్టుకున్నాడు.

ఈ లెక్కలో రంగు దీపాలు లేవు. ప్రాసెసరుకు వేరే కూలరు లేదు, పెట్టెతో వచ్చినదే. తొమ్మిది వేలు, అంటే ఎస్సెమ్పీయెస్, యూపీఎస్, ఎర్తు, తెర మీద ఒక్క బొమ్మ కూడా అదనంగా చూపించవు. ఆ తొమ్మిది వేలూ ప్రాసెసరు మీదనో కార్డు మీదనో పెట్టి ఉంటే అంకెలు మరింత బాగుండేవి, స్నేహితులకు చెప్పుకోవడానికీ బాగుండేది. కాని తక్కువ డబ్బుతో కూర్చే యంత్రానికి రెండో అవకాశం ఉండదు. డబ్బున్నవాడి కార్డు కాలిపోతే ఇంకొకటి కొంటాడు. చీటీ డబ్బుతో కొన్న కార్డు కాలిపోతే అది ఒక్క కార్డు కాదు. 'నేను ముందే చెప్పాను' అనే మాటకు ఆ ఇంట్లో శాశ్వతంగా చోటు దొరుకుతుంది. ఆ పైన కుర్రవాడు ఇంకేదీ అడగలేడు. అందుకే తక్కువ డబ్బుతో కొనేవాళ్ళు కనబడని ముక్కల మీద ఎక్కువ పెట్టాలంటాను. ఇది తలకిందుల సలహాలా వినబడుతుందని తెలుసు.

ముక్కలన్నీ ఇంటికి చేరాక కూర్చే పని నేను చెయ్యలేదు. పక్కన కూర్చొని చెప్పాను, మా మేనల్లుడు చేశాడు. ప్రాసెసరును సాకెట్టులో దింపేటప్పుడు వాడి చెయ్యి వణికింది. ఎనిమిది వేల వస్తువును అంత దగ్గరగా అంతకు ముందు వాడెప్పుడూ పట్టుకోలేదు. తీగలు ఎక్కడ కట్టాలో తండ్రి చెప్పాడు, నేను చెప్పినదాని కన్నా శుభ్రంగా.

వాడు ఆడుకుంటున్నాడు. రోజుకు మూడు గంటలని బావ కట్టుబాటు పెట్టాడు. గంటకు పావు యూనిట్టు చొప్పున నెలకు ఇరవై మూడు యూనిట్లకు మించకూడదని ఆయన లెక్క. ఎప్పుడైనా మించుతుంది, అప్పుడు ఇంట్లో గొడవ కూడా జరుగుతుంది. కాని తండ్రి రాగానే తెర మార్చే పని మాత్రం వాడికి లేదు. ఆట కోసమే కొన్నారని అందరికీ తెలిసిన యంత్రం మీద ఆట దాచుకోనక్కర్లేదు. ఆట నాలుగో వంతు అయితే మిగతా సమయం వాడే దాని మీద డిప్లొమా డ్రాయింగులు కూడా వేసుకుంటున్నాడు. వేసుకుంటాడనే మాట ఇచ్చి మేము కొనిపించలేదు కనుక అది మాకు ఉచితంగా వచ్చినట్టే.

ఇదే జాబితా పట్టుకొని ఎవరైనా ఇవాళ బయలుదేరితే ఇదే ధరకు దొరకదని హెచ్చరించాలి. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మెమరీ కావలసి వచ్చి, తయారీదారులు ఆ వైపు తిరగడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ అయితే సామాన్యులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అంకెలు మారుతుంటాయి, వరుస మారదు: ముందు దేనికో నిజం చెప్పుకోవాలి, తరువాత ఇంటి కరెంటు చూసుకోవాలి, ఆ తరువాత గ్రాఫిక్స్ కార్డు, మిగిలినది ప్రాసెసరు.

ర్యామ్ ధర రెట్టింపు దాటిందని నేను ఫోనులో చెప్పగానే బావ రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. ఇప్పుడు దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడట, తానప్పుడు ముందుచూపుతో కొన్న రెండు ముక్కలు ఇవాళ బంగారంలా పెరిగాయని. చీటీ ఎవరిదన్నది మాత్రం చెప్పడం లేదని అప్ప ఫిర్యాదు.